బెజవాడలో పుట్టిన విశ్వవిద్యాలయం – అందులో మన వాటా

(గన్నవరంలో ముస్లిం కుటుంబాల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గొప్పదనాన్ని మీకు బోధించడానికి నేను రాలేదు. ప్రవక్త (స) వారికి అందిన తొలి దైవసందేశం చదవమనే ఆదేశంతో మొదలైందని మన ఇళ్ళలో పసిపిల్లలకు సైతం తెలుసు. ఆ మాట మనం ప్రతి సభలోనూ వింటాం. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ ధ్రువపత్రం ఏ కార్యాలయంలో ఇస్తారో, ఆ సీటులో మన వాటా ఎంతో మాత్రం మన సభల్లో వినిపించదు. ఈ రోజు ఆ వినిపించని విషయాలే మాట్లాడదలచాను. అందుకు ఒక విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అది ఆంధ్ర విశ్వవిద్యాలయం.

అది విశాఖపట్నంలో ఉన్నది కదా, గన్నవరానికీ దానికీ ఏమి సంబంధమని కొందరికి అనిపించవచ్చు. నిజానికి ఆ విశ్వవిద్యాలయం తొలి కేంద్రం ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని బెజవాడ. మద్రాసు శాసనమండలి ఆమోదించిన చట్టంతో 1926లో అది ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి ఉపాధ్యక్షులు. కేంద్రం ఎక్కడ ఉండాలన్న దానిపై ఆనాడు పెద్ద వివాదమే నడిచింది. బెజవాడ కావాలని కొందరు, రాజమండ్రి అని కొందరు, అనంతపురమని మరికొందరు పట్టుబట్టారు. చివరకు 1930లో అది వాల్తేరుకు తరలిపోయింది. అదే సంవత్సరం ఉప్పు సత్యాగ్రహంపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా రామలింగారెడ్డి గారు తన పదవికి రాజీనామా చేశారు. విశ్వవిద్యాలయాధిపతి అయిన వ్యక్తి పౌరుల హక్కుల కోసం కుర్చీ వదులుకోవడం ఆ సంస్థ చరిత్రలో మొదటి పుటల్లోనే ఉన్నదని మనం గుర్తుంచుకోవాలి.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపాధ్యక్షులయ్యారు. దేశం నలుమూలల నుంచి ప్రతిభావంతులైన యువ అధ్యాపకులను ఏరికోరి తెచ్చుకున్నారు. అలా వచ్చినవారిలో ఆక్స్‌ఫర్డులో చదువు ముగించుకొని వచ్చిన బెంగాలీ ముస్లిం యువకుడొకరు ఉన్నారు. ఆయనే హుమాయూన్ కబీర్. తర్వాతి కాలంలో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్‌కు సన్నిహితులై, కేంద్రమంత్రిగా దేశ విద్యా విధానంలో పాలుపంచుకున్న కబీర్ గారి ఉద్యోగ జీవితం మొదలైంది మన తెలుగు విశ్వవిద్యాలయంలోనే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి భూరి విరాళాలతో అక్కడ శాస్త్ర సాంకేతిక కళాశాల వెలసింది. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడినప్పుడు విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు వచ్చి తలదాచుకున్నది.

ఈ చరిత్రంతా ఎందుకంటే, అందులో మనం గ్రహించవలసిన నీతి ఒకటి ఉన్నది. విశ్వవిద్యాలయాలు అడిగినవారికే దక్కాయి. ఆంధ్రులు తమకంటూ విశ్వవిద్యాలయం కావాలని అడిగారు, 1926లో వచ్చింది. రాయలసీమవారు తమకు వేరే కావాలన్నారు, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. కృష్ణా గుంటూరు జిల్లాలవారు విశాఖ దూరమన్నారు. 1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రం వెలిసింది, 1976 సెప్టెంబరు 11న అది నాగార్జున విశ్వవిద్యాలయంగా మారింది. దాన్ని ప్రారంభించినవారు నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. ప్రతిసారీ ఎవరో సభ పెట్టారు, ఎవరో వినతిపత్రం రాశారు, ఎవరో శాసనసభలో లేచి నిలబడ్డారు. మనం మన వాటా అడిగామా? అడగాలంటే ముందుగా ఆ వాటా ఏమిటో తెలియాలి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మన జిల్లాలోనే ఇన్ని కళాశాలలుండగా విశ్వవిద్యాలయం దాకా ఎందుకు? కళాశాల ఉన్న జ్ఞానాన్ని పంచుతుంది. పరిశోధనా విశ్వవిద్యాలయం దానితోపాటు కొత్త జ్ఞానాన్ని పుట్టిస్తుంది. 1950ల తొలి సంవత్సరాలలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరుకు వచ్చి, భూగర్భ శాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారితో కలిసి బంగాళాఖాతాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేసే పనికి పునాది వేశారు. ఆ పని ఎవరి కోసం? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. సముద్రాన్ని, గాలిని చదివేవారు ఎంతమంది ఉంటే డెల్టా ప్రజల ప్రాణాలకు అంత రక్ష. నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకున్న ఒక బాలుడు ఇదే విశ్వవిద్యాలయంలో గణితంలో స్నాతకోత్తర పట్టా పొంది, ప్రపంచ ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు అయ్యారు. నూట రెండేళ్ళ వయసులో, 2023లో, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. నూజివీడు మనకు పక్క ఊరే.

మనకు సంబంధించి మరొక ముఖ్యమైన కారణం ఉన్నది. ముస్లింల స్థితిగతులపై ఏ కమిషను వేసినా, ఏ న్యాయస్థానంలో వాదన జరిగినా అడిగేది ఒక్కటే: ఆధారాలు ఏవి? 2007లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి. – ఇ గ్రూపు కింద 4 శాతం రిజర్వేషను కల్పిస్తూ చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన అధ్యయన పద్ధతిపైనే అక్కడ ప్రధానంగా చర్చ జరిగింది. అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు పుణ్యాన నేటికీ ఆ రిజర్వేషను నడుస్తున్నది. అంటే మన పిల్లల సీట్లు సర్వేల నాణ్యతపై, గణాంకాల పటుత్వంపై ఆధారపడి ఉన్నాయి. ఆ సర్వేలు చేయగల సామాజిక శాస్త్రవేత్తలు, ఆ గణాంకాలను వాదించగల న్యాయ పరిశోధకులు మన ఇళ్ళలో ఎంతమంది తయారయ్యారు? మన దూదేకుల కుటుంబాల జీవనం, పెడన కలంకారీ అద్దకం పనివారి బతుకు, మచిలీపట్నం రేవుతో ముడిపడిన మన పూర్వికుల చరిత్ర – వీటిని ఎవరు పరిశోధిస్తారు? మన గురించి ఇతరులు రాస్తే సంతోషమే. కాని మన గురించి మనం రాయలేని స్థితిలో ఉండడం సంతోషించదగిన సంగతి కాదు.

పరిస్థితి ఎలా ఉన్నదో చూద్దాం. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒక్కరు, స్నాతకోత్తర స్థాయిలో ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని తేల్చింది. డిగ్రీ నుంచి పైచదువుకు వెళ్ళే ఆ ఒక్క మెట్టు దగ్గరే మన సంఖ్య సగానికి పడిపోతున్నది. కేంద్ర విద్యాశాఖ ఏటా జరిపే ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019–20లో దేశంలో ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలుండగా 2020–21లో సుమారు 19 లక్షల 20 వేలకు తగ్గారు. అదే ఏడు దేశం మొత్తంమీద ఉన్నత విద్యలో చేరినవారు పెరిగారు. జనాభాలో 14 శాతమున్న సమాజం ఉన్నత విద్యలో 5 శాతం కూడా లేకపోవడం అల్లాహ్ రాసిన రాత కాదు, మనమూ ప్రభుత్వాలూ కలిసి చేసిన చేత.

ప్రభుత్వం చేసినది ముందుగా చెబుతాను. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022–23 నుంచి ఆపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. ఇతర పథకాలతో కలిసిపోతున్నదని కారణం చెప్పింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో ప్రైవేటు కళాశాలల్లోని పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు నిలిపివేశారు. అప్పుడు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు ఉన్నవారికి మాత్రం అది కొనసాగింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు విలువ ఎంతటిదో ఆనాడు ఎందరో తల్లిదండ్రులకు తెలిసివచ్చింది.

ఇప్పుడు ద్వారాల సంగతికి వస్తాను. దయచేసి రాసుకోండి.

మొదటిది, స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం విద్యాసంస్థల ప్రవేశాలలో ఉమ్మడి కృష్ణా జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనిదే. అంటే విశాఖలోని 85 శాతం స్థానిక సీట్లకు శ్రీకాకుళం బిడ్డ ఎంత హక్కుదారో గన్నవరం బిడ్డ అంతే హక్కుదారు. విశ్వవిద్యాలయం మన జిల్లాను దాటి వెళ్ళినా మన హక్కు దాటిపోలేదు.

రెండోది, సామాజిక రిజర్వేషను. షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు, ఫకీరు వంటి వర్గాలు బి.సి. – ఇ లో ఉన్నాయి. దూదేకుల, నూర్‌బాష్ వర్గాలు బి.సి. – బి లో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బి.సి. జాబితాలో లేవు. వారు ఆర్థికంగా బలహీన వర్గాల పది శాతం కోటాకు, అంటే ఇ.డబ్ల్యు.ఎస్.కు, అర్హత చూసుకోవాలి. ప్రతి వర్గంలోనూ మూడోవంతు సీట్లు ఆడపిల్లలవే.

మూడోది చాలామందికి తెలియనిది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు రాష్ట్ర జాబితా పనికిరాదు, కేంద్ర ఓబీసీ జాబితా చూడాలి. దూదేకులవారు అందులో ఉన్నారు. బి.సి. – ఇ లోని వర్గాలు చాలావరకు అందులో లేవు. కేంద్ర జాబితాలో లేనివారు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి నిబంధనలకు లోబడితే, కేంద్ర సంస్థల ప్రవేశాలకు ఇ.డబ్ల్యు.ఎస్. కింద అర్హులు. అయితే రాష్ట్రంలో మీరు బి.సి. కదా అంటూ ఆ పత్రం నిరాకరించే సందర్భాలు ఎదురవుతాయి. అప్పుడు వెనుదిరిగి రాకండి. కేంద్ర ప్రవేశం కోసమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నిరాకరిస్తే కారణం కూడా రాతలోనే అడగండి. ఈ పత్రాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. ఫలితాలు వచ్చాక మండల కార్యాలయానికి పరుగెత్తితే సీటు మరొకరికి పోతుంది.

నాలుగోది, చదువుల సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సాహిత్యం, చరిత్ర, అర్థశాస్త్రం, సమాజ శాస్త్రం, వాణిజ్యం మొదలుకొని భౌతిక, రసాయన, సముద్ర, వాతావరణ శాస్త్రాల దాకా, న్యాయం, ఇంజనీరింగు, ఔషధ శాస్త్రం దాకా ఉన్నాయి. 2023లో జాతీయ మదింపు మండలి దానికి ఎ డబుల్ ప్లస్ గ్రేడు ఇచ్చింది. ఎం.ఏ., ఎం.కాం., ఎమ్మెస్సీ ప్రవేశాలకు 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్ జరుగుతున్నది. ఒకే పరీక్షతో విశాఖకూ, నాగార్జునకూ, మచిలీపట్నానికీ దారి తెరుచుకుంటుంది. ఇల్లు వదలలేనివారి కోసం 1972లోనే అక్కడ దూరవిద్యా విభాగం ఏర్పడింది. దుకాణంలో కూర్చునే కుర్రవాడు, పెళ్ళయి చదువాగిన కోడలు సైతం దాని ద్వారా డిగ్రీ, పీజీ పూర్తి చేయవచ్చు.

ఐదోది, పరిశోధన. పీజీ తర్వాత యూజీసీ నెట్ రాసి జేఆర్‌ఎఫ్‌కు ఎంపికైనవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పు అందుతున్నది. మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు పోయిన తర్వాత మన పిల్లలకు మిగిలిన పెద్ద ఆసరా ఇదే. 2024 నుంచి నెట్ మార్కులను పీహెచ్.డి. ప్రవేశాలకూ పరిగణిస్తున్నారు. పరిశోధన అంటే తండ్రి జేబు ఖాళీ చేసే చదువు అని భయపడనవసరం లేదు. అర్హత సాధించినవారికి అది జీతంలాంటి చదువు.

ఇక మన వైపు నుంచి జరుగుతున్నది. చేదుగా ఉన్నా చెప్పుకోవాలి. కొడుకు డిగ్రీ కాగానే రెండేళ్ళు ఆగలేక కువైట్ వీసా కోసమో మొబైలు దుకాణం కోసమో అప్పు చేస్తాం. సంపాదన తప్పని ఇళ్ళున్నాయి, వారిని నేను తప్పుపట్టను. కాని తప్పనివారూ తప్పించుకోగలవారూ ఒకే దారి పట్టడం విచారకరం. కూతురి విషయంలో ఇంకా తొందర. ఇంటర్‌లో తొమ్మిది వందలు దాటిన అమ్మాయిని దూరం పంపలేమని ఆపేస్తాం. విశాఖ ఎంత దూరం? మన గన్నవరం స్టేషను ఉన్న రైలు మార్గమే నేరుగా అక్కడికి తీసుకువెళ్తుంది, ఒక్క రాత్రి ప్రయాణం. పెళ్ళి చేసి అంతకంటె దూరం పంపినప్పుడు దూరమని అనుకోం కదా!

పెళ్ళయితే పరిశోధన సాగదన్న భయానికీ చట్టంలో జవాబు ఉన్నది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్.డి. మూడేళ్ళకు తగ్గకుండా, ఆరేళ్ళలోగా పూర్తి చేయాలి. మహిళలకు మరో రెండేళ్ళ అదనపు గడువు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చారు. ఈ నిబంధనలు మన అమ్మాయిలవంటివారి కోసమే రాశారు. అయినా వాటిని చదివి వినిపించే పెద్దమనిషి ఇంట్లో లేకపోతే అవి కాగితం మీదనే ఉండిపోతాయి. సంబంధం కుదుర్చుకునే రోజున మెహర్ మాట్లాడినంత స్పష్టంగా, పిల్ల చదువు కొనసాగుతుందన్న మాట కూడా పదిమంది ముందు తీసుకోండి. అది అమ్మాయి హక్కు.

చివరిగా రెండు ప్రతిపాదనలు ఈ సభ ముందు ఉంచుతున్నాను. మొదటిది మనకు. ప్రతి జమాఅత్‌లోనూ చదువుకున్న యువకుడు ఒకరు, యువతి ఒకరు ఈ ప్రవేశాల బాధ్యత తీసుకోవాలి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లల పేర్లు రాసి పెట్టుకోవాలి. కులం, ఆదాయం, స్థానికత ధ్రువపత్రాలు జనవరిలోగా సిద్ధం చేయించాలి. పీజీసెట్ ప్రకటన రాగానే జుమా నమాజు తర్వాత చదివి వినిపించాలి. దరఖాస్తు రుసుము కట్టలేని ఇంటికి ఆ కొద్ది మొత్తాన్ని జమాఅతే సమకూర్చాలి. మొదటిసారి విశాఖ వెళ్ళే అమ్మాయి వెంట, హాస్టలులో చేర్చేదాకా, పెద్దవారొకరు వెళ్ళాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, పట్టుదల కావాలి.

రెండోది ప్రభుత్వానికి. ఆపివేసిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును పునరుద్ధరించాలి. కేంద్ర ప్రవేశాల కోసం ఇ.డబ్ల్యు.ఎస్. పత్రాలు జాప్యం లేకుండా ఇవ్వాలని తహసీల్దార్లకు స్పష్టమైన ఆదేశాలు వెళ్ళాలి. విశ్వవిద్యాలయాలన్నీ తమ పీజీ, పీహెచ్.డి. ప్రవేశాలలో ఏ వర్గంవారు ఎందరో ఏటా ప్రకటించాలి. న్యాయస్థానాలు ఆధారాలు అడుగుతున్నప్పుడు ఆ ఆధారాలను పోగుచేసి ప్రజల ముందు పెట్టడం ప్రభుత్వ ధర్మం. ఇవి దయాభిక్షలు కావు. ఆ విశ్వవిద్యాలయం నడుస్తున్నది ప్రజల పన్నులతో. మన బండి మెకానిక్కు కొనే బోల్టు మీద, మన తల్లి కొనే నూనె మీద కట్టిన పన్ను కూడా ఆ భవనాల గోడల్లో ఉన్నది.

నూరేళ్ళ కిందట ఈ డెల్టాలో మొదలైన చదువు విశాఖ దాకా నడిచి వెళ్ళింది. అక్కడి దాకా మన పిల్లలు వెళ్ళడానికి చట్టం అడ్డు కాదు, దూరం అడ్డు కాదు. వచ్చే ఏడాది ఈ సభ మళ్ళీ జరిగేనాటికి ఈ మండలం నుంచి కనీసం పదిమంది పీజీసెట్ రాసి ఉండాలని, వారిలో సగం మంది మన ఆడబిడ్డలై ఉండాలని కోరుకుంటున్నాను. ఆ పదిమంది పేర్లు రాసుకోవడం ఈ రోజు, ఈ హాలులోనే మొదలుకావాలి. అల్లాహ్ మన ప్రయత్నానికి తోడ్పడుగాక.